క్యాసిల్‌మన్ జబ్బు: హెచ్‌ఐవి చాటున మరో వైరస్

మల్టీసెంట్రిక్ క్యాసిల్‌మన్ జబ్బు శోషరస గ్రంథులకు వచ్చే అరుదైన వ్యాధి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, ఛాతీ లోపల, పొట్టలో ఒకే సమయంలో బిళ్లలు కడతాయి. జ్వరం విడవదు. రాత్రి పడుకున్న మనిషి చెమటకు పక్క తడిసిపోయి లేచి కూర్చుంటాడు. ప్లీహం పెరుగుతుంది, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, కాళ్లకు నీరు పడుతుంది. ఇది క్యాన్సర్ కాదు. అయినా వైద్యం అందకపోతే కొన్ని క్యాన్సర్లకంటే త్వరగా ప్రాణం తీస్తుంది. దీని ముప్పు అందరికంటే ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవితో జీవిస్తున్నవారికి. అలాగని గ్రంథుల్ని వాచేలా చేసేది హెచ్‌ఐవి కాదు. దాని చాటున పనిచేసే ఇంకో వైరస్. ఆ సంగతి బయటపడేసరికి జబ్బును మొదటిసారి గుర్తించి 40 ఏళ్లు దాటింది.

శోషరస గ్రంథులు ఒంట్లో కొన్ని వందలు ఉంటాయి. మామూలుగా చేతికి తగలనంత చిన్నవి. లోపలికి చొరబడిన క్రిముల ఆచూకీ ముందుగా అందేది వీటికే. బి కణాలు, టి కణాలు అనే తెల్లరక్తకణాలు ఇక్కడ ఆ క్రిముల్ని గుర్తుపట్టి, తమ సంఖ్య పెంచుకుని పోరుకు దిగుతాయి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టేది అందుకే. పుండు మానాక బిళ్ల కూడా కరిగిపోతుంది. పెరగమన్న ఆదేశం ఆగాలి, పని ముగించిన కణాలు చనిపోవాలి. ఈ రెండూ జరగకుండా తెల్లకణాలు పెరుగుతూనే పోయే జబ్బుల్ని లింఫోప్రొలిఫరేటివ్ వ్యాధులంటారు. లింఫోమా వీటిలో క్యాన్సర్ కోవకు చెందినది. క్యాసిల్‌మన్ జబ్బు ఆ గీతకు ఇవతలే ఉంటుంది గాని, మరీ దూరంగా ఏమీ ఉండదు.

పేరు బెంజమిన్ క్యాసిల్‌మన్‌ది. ఆయన అమెరికాలో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పాథాలజిస్టు. 1954లో ఒక రోగి ఛాతీలో పెరిగిన వింత గడ్డ గురించి రాశారు. 1956లో అలాంటి 13 మంది వివరాలు ఒకచోట చేర్చి ప్రచురించారు. పైకి థైమస్ గ్రంథి కణితిలా కనిపించిన ఆ గడ్డలు మైక్రోస్కోపు కింద పెడితే ఉబ్బిన శోషరస గ్రంథులుగా తేలాయి. ఆపరేషన్ చేసి తీసేస్తే రోగికి నయమైపోయేది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు గాని, గ్రంథిలో అవే మార్పులు కనిపిస్తూ ఒళ్లంతా పాకే రకం ఒకటి ఉందని వైద్యులకు అర్థం కాలేదు. అందులో కోసి తీసేయడానికి ఒక చోటంటూ ఉండదు.

నిజానికి ఒకే పేరు కింద ఇప్పుడు వేర్వేరు జబ్బులు నడుస్తున్నాయి. ఒకే ప్రాంతంలో గ్రంథి పెరిగి, తీసేస్తే పోయేది ఒకటి. ఒళ్లంతా వచ్చి, కారణం ఇదీ అని తేలనిది ఇంకొకటి. 2010లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థిగా ఉండగా మృత్యుముఖంలోకి వెళ్లి, తన జబ్బు మీద తానే పరిశోధన చేసి, సిరోలిమస్ అనే మందుతో నిలదొక్కుకున్న డేవిడ్ ఫాజెన్‌బామ్‌కు వచ్చింది ఈ రెండో రకం. పత్రికల్లో, ఇంటర్నెట్‌లో ఆయన కథే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చదివి హెచ్‌ఐవి రోగులు తమకూ అదే మందు పనికొస్తుందని అనుకుంటే పొరపాటు. వారికి వచ్చేది మూడో రకం. దానికి కారణం తెలుసు, మందూ వేరే.

1980లలో ఎయిడ్స్ విజృంభించినప్పుడు ఈ మూడో రకం తరచుగా వైద్యుల కంటబడింది. అదే రోగుల్లో చాలామందికి ఒంటి మీద ఊదారంగు మచ్చలతో కపోసి సార్కోమా అనే క్యాన్సర్ కూడా ఉండేది. ఈ రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదని అనుమానించినవారు ఉన్నారు గాని, రుజువు దొరకలేదు. 1994లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే శాస్త్రవేత్త దంపతులు ఒక పని చేశారు. ఒకే రోగి నుంచి తీసిన కపోసి కణితి ముక్కను, ఆరోగ్యంగా ఉన్న కణజాలం ముక్కను పక్కపక్కన పెట్టి, రెండింటి డీఎన్‌ఏలో ఉమ్మడిగా ఉన్నదంతా తీసేశారు. కణితిలో మాత్రమే మిగిలిన తునకలు మనిషివి కావు. హెర్పిస్ కుటుంబానికి చెందిన, అప్పటిదాకా ఎవరికీ తెలియని వైరస్‌వి. మనుషుల్లో కనిపించే హెర్పిస్ వైరస్‌లలో ఎనిమిదోది కాబట్టి దానికి హెచ్‌హెచ్‌వి-8 అని పేరు వచ్చింది. మరుసటి ఏడాదే పారిస్ పరిశోధకులు క్యాసిల్‌మన్ రోగుల గ్రంథుల్లో దానికోసం వెతికారు. హెచ్‌ఐవి ఉన్న 14 మందిలో 14 మందికీ ఉంది. హెచ్‌ఐవి లేని 17 మందిలో ఏడుగురికే ఉంది.

హెచ్‌హెచ్‌వి-8 ప్రధానంగా లాలాజలం ద్వారా పాకుతుంది. ఒకసారి వచ్చిందంటే ఒంట్లోనే ఉండిపోతుంది. రోగనిరోధక శక్తి బాగున్నవారికి అది ఉన్నట్టే తెలియదు. సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో ఇది విస్తారంగా ఉంది, మధ్యధరా తీరంలో ఓ మోస్తరుగా ఉంది. భారతదేశంలో తక్కువ. మన హెచ్‌ఐవి రోగుల్లో కపోసి సార్కోమా అరుదుగా కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం. క్యాసిల్‌మన్ జబ్బు అంతకన్నా అరుదు. బ్రిటన్‌లో 2009లో వెలువడిన లెక్క ప్రకారం హెచ్‌ఐవి ఉన్న 10,000 మందిని ఏడాది పాటు గమనిస్తే కొత్తగా ఈ జబ్బు బయటపడేది సుమారు నలుగురిలో.

ఇంత అరుదైనదైనా, ఇది ఒంటి మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోదగ్గది. మనిషి శరీరంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ ఉంది. గాయమైనా, క్రిమి సోకినా కణాలు దీన్ని వదులుతాయి. ఇది మెదడుకు అందితే జ్వరం వస్తుంది. కాలేయానికి అందితే సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఉత్పత్తి పెరిగి, అల్బుమిన్ ఉత్పత్తి తగ్గుతుంది. అల్బుమిన్ తగ్గితే నీరు రక్తనాళాల్లో నిలవక కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఇదే సంకేతం కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదిలించి, ఒంట్లోని ఇనుమును బిగించేస్తుంది. ఇనుము ఉండి కూడా రక్తం పట్టదు. బి కణాలకు అందితే అవి పెరిగి, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలుగా మారతాయి. ఒక్క ప్రోటీన్ ఇన్ని పనులు చేస్తుంది. దీన్ని గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త తదమిత్సు కిషిమొతో బృందమే 1989లో క్యాసిల్‌మన్ గ్రంథుల్లో ఇది విపరీతంగా తయారవుతోందని చూపింది.

హెచ్‌హెచ్‌వి-8 చేసిందేమిటంటే, ఈ ప్రోటీన్ జన్యువును ఎప్పుడో ఏ జీవి నుంచో ఎత్తుకొచ్చి తన జన్యువుల్లో కలిపేసుకుంది. వైరస్ తయారుచేసే నకలుకు, మనిషి ప్రోటీన్‌కు పోలిక నాలుగో వంతే. అయినా పని మాత్రం అదే. పైగా అసలు దానికున్న కట్టడి నకలుకు లేదు. మనిషి ఇంటర్‌ల్యూకిన్-6 ఒక కణం మీద పనిచేయాలంటే రెండు గ్రాహకాలు కావాలి. వాటిలో మొదటిది అన్ని కణాల మీదా ఉండదు, కాబట్టి సంకేతం ఎక్కడ పడితే అక్కడ చెల్లదు. వైరస్ నకలు ఆ మొదటిదాని ఊసెత్తకుండా నేరుగా రెండోదాన్ని అంటుకుంటుంది. ఆ రెండోది దాదాపు ప్రతి కణం మీదా ఉంటుంది. ఇది చాలదన్నట్టు, నకలు ప్రభావంతో శరీరం తన సొంత ఇంటర్‌ల్యూకిన్-6ను కూడా ఎక్కువగా వదులుతుంది. రోగి అనుభవించే బాధంతా ఈ రెండింటి వరదే. గ్రంథి వాపు అందులో కంటికి కనిపించే భాగం మాత్రమే.

జబ్బు ఒకే తీరున సాగదు. కొన్నాళ్లు ఉధృతంగా వచ్చి, దానంతటదే తగ్గినట్టనిపించి, మళ్లీ విరుచుకుపడుతుంది. ఉధృతి మొదలైన వారంలో రోగి రక్తపరీక్షల కాగితాలు వరుసగా పెట్టి చూస్తే కథంతా అందులోనే ఉంటుంది. మామూలుగా పది లోపు ఉండే సీఆర్‌పీ వంద దాటుతుంది. హిమోగ్లోబిన్ రోజురోజుకూ దిగుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అల్బుమిన్ తగ్గుతుంది, సోడియం తగ్గుతుంది. దగ్గు, ఆయాసం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు తోడవుతాయి. ముదిరితే రక్షణ కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాల్నే మింగడం మొదలుపెడతాయి. కిడ్నీలు, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. ఈ దశలో రోజులే లెక్క.

ఒక విషయంలో చాలామంది పొరబడతారు. హెచ్‌ఐవి అదుపులో ఉంది, హెచ్‌ఐవి దెబ్బతీసే సీడీ4 అనే తెల్లకణాలు బాగున్నాయి కాబట్టి ఇలాంటివి రావనుకుంటారు. హెచ్‌ఐవిని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు వచ్చాక కపోసి సార్కోమా బాగా తగ్గింది. క్యాసిల్‌మన్ జబ్బు అలా తగ్గలేదు. సీడీ4 లెక్క ఎంత ఉన్నా, రక్తంలో హెచ్‌ఐవి దొరకనంతగా తగ్గినా ఇది రావచ్చు.

గుర్తించడంలో అసలు చిక్కు వేరే ఉంది. జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, మెడలో బిళ్లలు. హెచ్‌ఐవి ఉన్న మనిషి ఈ నాలుగూ చెబితే మన దేశంలో ఏ డాక్టరైనా ముందు టీబీని అనుమానిస్తారు. అనుమానించాలి కూడా, ఎందుకంటే ఎక్కువసార్లు అది టీబీయే. తర్వాతి అనుమానం లింఫోమా మీదకు వెళుతుంది. క్యాసిల్‌మన్ పేరు తలపుకు రావడమే కష్టం. టీబీ అని రుజువు కాకపోయినా టీబీ మందులు మొదలుపెట్టి, తగ్గకపోతే ఇంకో రెండు నెలలు చూద్దామనుకోవడంలో ఉంది ప్రమాదం. జ్వరం తగ్గడానికి స్టెరాయిడ్లు ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. ఆ తగ్గుదల మోసం. కపోసి సార్కోమా కూడా ఉన్న రోగిలో స్టెరాయిడ్లు దాన్ని రెచ్చగొడతాయి.

బిళ్లలోకి సన్నటి సూది పెట్టి నాలుగు కణాలు లాగే పరీక్ష ఇక్కడ చాలదు. టీబీ తేల్చడానికి అది ఉపయోగపడుతుంది. క్యాసిల్‌మన్ జబ్బు తేలాలంటే కణాలు ఎలా ఉన్నాయన్నదే కాదు, ఏది ఎక్కడ ఎలా అమరి ఉందన్నది కూడా తెలియాలి. అందుకు గ్రంథి మొత్తం తీసి పరీక్షకు పంపాలి. ఏ గ్రంథి తీయాలో పెట్ స్కాన్ చెబుతుంది. ఎక్కువగా వెలిగేదాన్ని తీస్తారు. హెచ్‌ఐవి ఉందని తెలిసి ఈ చిన్న ఆపరేషన్‌కు వెనకాడటం చట్టరీత్యా చెల్లదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వైద్యసేవల్లో వివక్షను నిషేధించింది.

తీసిన గ్రంథిని పలచటి పొరలుగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెడితే బి కణాల గుంపులు గుండ్రంగా కనిపిస్తాయి. మామూలు గ్రంథిలో ఆ గుంపు నడిమి భాగం నిండుగా ఉంటుంది. ఇక్కడ అది ఎండిపోయినట్టు కుంచించుకుపోయి, దాని చుట్టూ చిన్న కణాలు అడ్డంగా కోసిన ఉల్లిపాయ పొరల్లా చుట్లు చుట్లుగా పేరుకుంటాయి. గుంపుల మధ్య ప్లాస్మా కణాలు కిక్కిరిసి ఉంటాయి, రక్తనాళాలు పెరిగి ఉంటాయి. ఆ పొరల్లో అక్కడక్కడా పెద్ద కణాలు కొన్ని కనిపిస్తాయి. వాటిని ప్లాస్మాబ్లాస్టులంటారు. వైరస్ కాపురం వాటిలోనే. మామూలు రంగులతో చూస్తే ఇదంతా అనుమానమే. హెచ్‌హెచ్‌వి-8 తయారుచేసే లానా అనే ప్రోటీన్‌ను పట్టుకునే ప్రత్యేకమైన రంగు వేసినప్పుడు ఆ పెద్ద కణాల కేంద్రకాల్లో గోధుమరంగు చుక్కలు తేలతాయి. దాంతో జబ్బు ఖాయమవుతుంది. ఈ పరీక్ష అడిగితేనే చేస్తారు, అడగాలంటే అనుమానం ఉండాలి. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు రక్తంలో హెచ్‌హెచ్‌వి-8 ఎంత ఉందో కూడా కొలవచ్చు. అది లేకపోతే జ్వరానికి వేరే కారణం వెతకాల్సి ఉంటుంది.

వైరస్ ఇవే లక్షణాలు తెచ్చిపెట్టినా, గ్రంథిలో క్యాసిల్‌మన్ మార్పులు కనిపించని రోగులూ ఉన్నారు. 2010లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు దీన్ని వేరే జబ్బుగా గుర్తించి వివరించారు.

ఇక చికిత్స సంగతి. 1996లో పారిస్ వైద్యులు తాము చూసిన ఈ జబ్బున్న 20 మంది హెచ్‌ఐవి రోగుల అనుభవం ప్రచురించారు. వారిలో సగంమంది జబ్బు తేలాక 14 నెలలకు మించి బతకలేదు. కీమోథెరపీ ఇస్తే జ్వరం తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. చాలామంది నెలల తరబడి కీమో మీదే ఆధారపడాల్సి వచ్చేది.

ఈ పరిస్థితిని మార్చింది రిటుక్సిమాబ్. లింఫోమా కోసం అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఈ మందు, బి కణాల మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని ఆ కణాల్ని చంపుతుంది. 2007లో లండన్, ఫ్రాన్స్ బృందాలు విడివిడిగా హెచ్‌ఐవి క్యాసిల్‌మన్ రోగుల్లో దీని ఫలితాలు ప్రకటించాయి. లండన్‌లోని చెల్సీ అండ్ వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రి 2011లో ఇచ్చిన లెక్కలు మరీ స్పష్టం. రిటుక్సిమాబ్ రాకముందు చికిత్స పొందినవారిలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నది 33 శాతం. వచ్చాక 90 శాతం.

ఇందులో ఒక వింత ఉంది. వైరస్ తిష్ఠవేసిన ప్లాస్మాబ్లాస్టుల మీద సీడీ20 గుర్తు చాలా తక్కువగా ఉంటుంది, చాలావాటి మీద అసలే ఉండదు. అంటే మందు నేరుగా దోషిని పట్టుకోవడం లేదు. అయినా జబ్బు అణుగుతోంది. ఆ ప్లాస్మాబ్లాస్టులుగా మారబోయే బి కణాల్ని, అంటే వైరస్ ఎప్పటికప్పుడు కొత్తగా ఆక్రమించుకునే నిల్వను ఖాళీ చేయడం వల్ల ఫలితం వస్తోందని పరిశోధకుల అభిప్రాయం. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే సిల్టుక్సిమాబ్‌కు 2014లో అమెరికా అనుమతి వచ్చింది. కానీ హెచ్‌ఐవి, హెచ్‌హెచ్‌వి-8 రెండూ లేనివారికే. ఆ మందు మనిషి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది గాని, వైరస్ నకలును పట్టుకోదు.

రిటుక్సిమాబ్ కథలో హైదరాబాద్‌కు చోటుంది. స్విట్జర్లాండ్ కంపెనీ అమ్మే అసలు మందు ధర మన దేశంలో చాలామందికి అందనిది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో దాని జీవసమానమైన మందును తక్కువ ధరకు భారత మార్కెట్లోకి తెచ్చింది. ఇలాంటి యాంటీబాడీ మందుకు బయోసిమిలర్ రావడం ప్రపంచంలో అదే మొదలని చెబుతారు. ఆ తర్వాత మరికొన్ని భారతీయ కంపెనీలూ తయారీకి దిగాయి. దీన్ని ఉపయోగించేది ముఖ్యంగా లింఫోమా, కీళ్లవాతం రోగులకే అయినా, క్యాసిల్‌మన్ రోగికి కావలసిందీ ఇదే మందు.

సాధారణంగా వారానికి ఒకటి చొప్పున నాలుగు వారాలు సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. మొదటి రోజు చలి, వణుకు, జ్వరం రావచ్చు కాబట్టి మెల్లగా, గంటల తరబడి ఇస్తారు. అవయవాలు దెబ్బతినేంత తీవ్రంగా ఉన్న రోగికి ఒక్క రిటుక్సిమాబ్ సరిపోదు, అది పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. అలాంటివారికి ఎటొపొసైడ్ అనే కీమో మందు కలుపుతారు. కపోసి సార్కోమా ఉన్నవారికి రిటుక్సిమాబ్ ఒక్కటే ఇస్తే ఆ క్యాన్సర్ పెరిగే ప్రమాదముంది. వారికి లైపోసోమల్ డాక్సోరూబిసిన్ జోడిస్తారు. హెపటైటిస్-బి ఉందో లేదో ముందే చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే బి కణాలు పోయాక నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. మన ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చే మాత్రలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్-బిని కూడా అణచిపెడతాయి. ఇది కలిసొచ్చే విషయమే గాని, పరీక్ష మానేయడానికి సాకు కాదు.

వైరస్ మీదే గురిపెట్టిన పద్ధతి ఒకటుంది. గాన్సిక్లోవిర్ కోవకు చెందిన మందును, హెచ్‌ఐవికి తొలిరోజుల్లో వాడిన జిడోవుడిన్‌ను కలిపి ఇస్తారు. హెచ్‌హెచ్‌వి-8 చురుగ్గా ఉన్న కణాల్లో దాని సొంత ఎంజైములే ఈ మందుల్ని విషంగా మార్చుకుంటాయి. కొన్ని కేంద్రాల్లో దీన్ని అనుసరిస్తున్నారు గాని, రక్తహీనత వంటి దుష్ప్రభావాల వల్ల రిటుక్సిమాబ్ స్థానాన్ని ఇది తీసుకోలేకపోయింది.

ఏ చికిత్స ఇచ్చినా ఏఆర్‌టీ ఆపకూడదు. అంతవరకు వాడనివారికి వెంటనే మొదలుపెడతారు. ఒక్క ఏఆర్‌టీతో ఈ జబ్బు లొంగదన్నది ఎంత నిజమో, అది లేకుండా మిగతా చికిత్స నిలవదన్నదీ అంతే నిజం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు ఈ విషయంలో పట్టించుకోవలసినవి. మిజోరం, నాగాలాండ్, మణిపూర్‌ల తర్వాత హెచ్‌ఐవి వ్యాప్తి రేటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఇవే. 2004లో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు తొలి విడతలో ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇరవై ఏళ్లుగా మందులు వాడుతూ ఆరోగ్యంగా ఉన్నవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. అంతకాలం ఏ ఇబ్బందీ లేని మనిషికి తెరలు తెరలుగా జ్వరం, బిళ్లలు వస్తుంటే, టీబీ పరీక్షల్లో ఏమీ తేలకపోతే, గ్రంథి తీసి పరీక్ష చేయించమని అడగవచ్చు.

జబ్బు అణిగిన తర్వాత కూడా రోగి వైద్యుల కనుసన్నల్లో ఉండాల్సిందే. హెచ్‌హెచ్‌వి-8 ఒంట్లో మిగిలే ఉంటుంది. ఈ రోగులకు లింఫోమా వచ్చే ముప్పు మిగతా హెచ్‌ఐవి రోగులకంటే సుమారు 15 రెట్లు ఎక్కువని 2002లో ఫ్రాన్స్ పరిశోధకులు లెక్కగట్టారు. రిటుక్సిమాబ్ వాడినవారిలో ఆ ముప్పు తగ్గినట్టు తర్వాతి అనుభవం చెబుతోంది. కొన్ని నెలలకోసారి సీఆర్‌పీ, రక్తకణాల లెక్క, అల్బుమిన్ చూస్తారు. వీలుంటే హెచ్‌హెచ్‌వి-8 మోతాదూ కొలుస్తారు, ఎందుకంటే జ్వరం రాకముందే అది పెరగడం మొదలుపెడుతుంది. కొందరిలో ఏడాది రెండేళ్లకు, మరికొందరిలో ఇంకా ఆలస్యంగా జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మళ్లీ రిటుక్సిమాబ్ ఇస్తారు. మొదటిసారి లొంగినవారిలో చాలామందికి రెండోసారి కూడా అది పనిచేస్తుంది.